నలుగురిలో పెట్టుకునే నోరు

ముందుగా ఒక మాట. ఇందులో ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం మరిచినా చదివేవాళ్ళు మన్నించాలి. నేను అక్షరాలు దిద్దింది అరవై నాలుగో ఏట. ఒక పేజీ రాయడానికి నాకు ఒక చొక్కా కుట్టినంత సేపు పడుతుంది. చొక్కా అయితే కళ్ళు మూసుకుని కుడతాను, పేజీ మాత్రం కళ్ళు చించుకుని రాయాలి. ఇది మా ఇంట్లో జరిగినదే. అయితే "నేను, నేను" అని రాస్తుంటే పెన్ను ఆగిపోతోంది. అందుకని "ఆవిడ" అని రాస్తున్నాను. అలా రాస్తే చేతికి తేలికగా ఉంది.

ఆవిడ కాజాలు కుట్టేది. బట్టల కొట్ల వాళ్ళు చొక్కాలు తెచ్చి పడేస్తే కాజాలు కుట్టి, బొత్తాలు వేసి ఇచ్చేది. అప్పుడప్పుడు పక్కవాళ్ళకి రవికలు, లాగులు కొలిచి కుట్టేది. వీధిలో అందరికీ కాజాల పెద్దమ్మ. ఆవిడ నోట్లో ఒక్క పన్ను లేదు. పదేళ్ళుగా లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు కానీ ఆ నోటిని చూసినవాళ్ళు లేరు. మాట్లాడితే ఎడమ చెయ్యి మూతికి అడ్డం వచ్చేసేది. రెండు చేతులూ పనిలో ఉంటే పెదాలు బిగించి, కింది దవడని కాస్త ముందుకు తోసి, మాటని ముక్కులోంచి వదిలేది. నవ్వొస్తే తల తిప్పి మూతిని భుజానికి ఆనించుకునేది. "మా అమ్మ నవ్వు మా అమ్మ భుజానికే తెలుసు" అని కొడుకు ఎగతాళి చేసేవాడు. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు, రోజంతా నలుగురితో మాట్లాడే మనిషి కనుక వాడికి వేళాకోళం ఎక్కువ.

కోడలు పదిహేనేళ్ళు ఒక సబ్బుల కంపెనీలో డబ్బాలు మూసే పని చేసింది. ఆ కంపెనీలో మూతలు పెట్టే యంత్రం వచ్చాక మూతలు పెట్టే మనుషులు ఇంటికొచ్చారు. నెల రోజులు గోడ చూస్తూ కూర్చుని, ఒకరోజు బజారుకని వెళ్ళి, కూరగాయల సంచిలో కాలేజీ కాయితాలు పెట్టుకుని వచ్చింది. రెండేళ్ళ కోర్సు. పళ్ళ సెట్లు తయారుచేసే పని నేర్పిస్తారు.

"ముప్పై ఆరేళ్ళకి బడికా? రెండు జడలు వెయ్యమంటావా?" అంది ఆవిడ, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"వెయ్యండి అత్తయ్యా. రిబ్బన్లు కూడా కట్టండి" అంది కోడలు.

రిబ్బన్లు కట్టలేదు కానీ, ఆ మర్నాటి నుంచి పొద్దుటి వంట ఆవిడే చేసింది. రెండేళ్ళు చేసింది. ఆ రెండేళ్ళలో ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే వంటగది కిటికీ తెరిస్తే గట్టు మీద నాలుగు జతల ప్లాస్టరు దవడలు ఆరుతూ ఆవిడ వైపు ఇకిలించేవి. టీ గ్లాసులో టీకి బదులు గులాబీరంగు మైనం కనిపించేది. కోడలు అన్నం తింటూ తింటూ ఆగి మొగుడి పళ్ళ వంక చూసేది. "నీ కోరపన్ను భలే ఉందయ్యా, కాస్త వంగి" అనేది. "పదిహేనేళ్ళకి నా అందం కనబడిందే అమ్మా దీనికి!" అని వాడు కేకలు పెట్టేవాడు.

ఒక్క ఆవిడ నోటి జోలికి మాత్రం కోడలు వెళ్ళలేదు. పళ్ళు చేసే పిల్ల, పళ్ళు లేని అత్త, ఒకే ఇల్లు. రెండేళ్ళలో "మీకూ ఒక సెట్టు చేస్తాను" అన్న మాట ఆ పిల్ల నోట్లోంచి రాలేదు. ఆవిడ దాన్ని గమనించింది. గమనించి, లోపల మెచ్చుకుంది కూడా.

చివరి పరీక్ష నెల రోజుల్లో ఉందనగా ఇంట్లో కోడలు మాట తగ్గిపోయింది. ఏమైందంటే "ఏం లేదు" అనేది. సంగతి కొడుకు చెప్పాడు.

"పరీక్షకి ఎవరికి వాళ్ళే ఒక పళ్ళు లేని మనిషిని తెచ్చుకోవాలట. ఆ మనిషికి మొత్తం సెట్టు సొంత చేత్తో చేసి, పరీక్షాధికారి ఎదురుగా పెట్టి చూపించాలట. దీనికి ఒప్పుకున్న తాత ఒకాయన ఉన్నాడు కదా, కాలేజీ గేటు కాపలాదారు? ఆయన్ని కూతురు వాళ్ళ ఊరికి తీసుకుపోయింది. మనిషి లేకపోతే పరీక్ష లేదు. మళ్ళీ ఏడాది ఆగాలి. ఒకటో తారీకున ఉద్యోగంలో చేరమన్న పళ్ళ ల్యాబ్ వాళ్ళు ఏడాది ఆగరుగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నిన్ను అడిగినట్టు ఉంటుందని."

ఆవిడ మళ్ళీ సూది అందుకుంది. ఆ రోజు ఏడు చొక్కాలకి కాజాలు కుట్టి, ఎనిమిదో చొక్కాకి బొత్తాలు ఉండాల్సిన వైపు కాజాలు వేసేసింది. నలభై ఏళ్ళలో చెయ్యని తప్పు. దాన్ని విప్పుతూ కోడల్ని పిలిచింది.

"ఏమ్మాయ్, ఆ కుర్చీలో ఎంతసేపు కూచోబెడతారు?"

కోడలికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "అత్తయ్యా, వద్దు. అక్కడ పదిహేను మంది ఉంటారు. అందరి ముందూ నోరు తెరవాలి. మీ వల్ల కాదు."

"నా వల్ల కానిదేదో నువ్వు చెప్పకు. ఎంతసేపు అని అడిగాను."

"నాలుగైదు సార్లు రావాలి. వచ్చినప్పుడల్లా గంట."

"పళ్ళ కోసం కాదు, తెలిసిందా? నీ పరీక్ష కోసం. పరీక్ష అయ్యాక ఆ పళ్ళు నువ్వే దాచుకో."

కోడలు వంగి కింద పడిన దారపు ముక్కలు ఏరింది.

కాలేజీ అంటే ఆవిడ ఏదో పెద్ద మేడ అనుకుంది. తీరా చూస్తే పొడవాటి వరండా, దానికి రెండు పక్కలా గదులు. ఒక గదిలో ఆడపిల్లలు రబ్బరు చేతికి సూది గుచ్చుతున్నారు. ఒకమ్మాయి గుచ్చే ముందు ఆ రబ్బరు చేతితో "కొంచెం చురుక్కుమంటుంది, భయపడకండి" అంటోంది. ఇంకో గదిలో ఇద్దరు ఒక ఫ్రిజ్‌ని బోర్లా పడేసి దాని పొట్ట విప్పుతున్నారు. మరో గదిలో ఒకడు బల్ల మీద పడుకుంటే తక్కినవాళ్ళు వాడికి ఎక్స్‌రే తీస్తున్నట్టు నటిస్తున్నారు, వాడు నిజంగానే నిద్రపోయాడు. అందరూ రెండేళ్ళలో చేతికి ఒక పని పట్టుకుని బయటపడదామని వచ్చినవాళ్ళే. జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు. అది చూసి ఆవిడకి కాస్త ధైర్యం వచ్చింది.

పళ్ళ గది చివర్న ఉంది. అక్కడి మేష్టారిని అందరూ ప్లాస్టరు మేష్టారు అంటారు. ఆయన బూట్ల నుంచి కనుబొమల దాకా తెల్లగా ఉంటాడు. "రండి పెద్దమ్మగారూ, మీ కోడలు మా క్లాసులో అందరికంటే పెద్దది, అందరికంటే మొండిది" అన్నాడు. "మొండితనం ఇంట్లోదే" అంది ఆవిడ, చెయ్యి అడ్డం పెట్టుకుని.

నోటి అచ్చు తీసేది పళ్ళ డాక్టరమ్మ. చల్లటి పిండిలాంటిది ఒక గరిటె లాంటి దాంట్లో వేసి నోట్లో పెట్టింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. చుట్టూ పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడకూడదనుకుంది. అది అయిపోయింది.

రెండోసారి వెళ్ళినప్పుడు, పళ్ళు ఉండాల్సిన చోట మైనం కట్టలు పెట్టారు, పైన ఒకటి, కింద ఒకటి. "ఇప్పుడు మామూలుగా నోరు మూయండి పెద్దమ్మా. పై దవడకి కింది దవడ ఎక్కడ ఆనుతుందో అదే మాకు కొలత. దాన్ని బట్టే పళ్ళు పేర్చేది" అంది డాక్టరమ్మ. ఆవిడ పెదాలు బిగించి, దవడని అలవాటైన చోట పెట్టి మూసింది. మెత్తటి మైనం రెండూ అతుక్కున్నాయి. "బాగా ఇచ్చారు" అంది డాక్టరమ్మ. ఆవిడకి పరీక్ష తనే పాసయినంత సంతోషం వేసింది.

ఆ కొలత మీద కోడలు పది రోజులు పళ్ళు పేర్చింది. ఇరవై ఎనిమిది పళ్ళు. "ముప్పై రెండు కాదా?" అని ఆవిడ అడిగితే "జ్ఞానదంతాలు పెట్టం అత్తయ్యా. మీకు అవి లేకుండానే జ్ఞానం ఎక్కువ" అంది. ఒక్కో పన్నునీ గులాబీరంగు మైనంలో గుచ్చి, పక్కదాంతో సరిచూసి, వేడి చాకుతో మైనం కరిగించి సరిచేసి, దూరం నుంచి చూసి, మళ్ళీ పీకి పెట్టేది. ఆవిడకి ఆ పని పరాయిదనిపించలేదు. కాజాల వరస సరిచూడటం లాంటిదే.

శుక్రవారం పరీక్ష అనగా సోమవారం నాడు మైనంలో పేర్చిన పళ్ళని నోట్లో పెట్టి చూడ్డానికి వెళ్ళారు. పెట్టారు. ఆవిడ మూసింది. పైవీ కిందివీ ఒకదానికొకటి టక్కున కలిశాయి. మేష్టారు వంగి చూసి "పుస్తకంలో బొమ్మలా ఉంది" అన్నాడు. "డాక్టరమ్మ వచ్చి సంతకం పెడితే రేపు అచ్చులో పెట్టెయ్యి" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ రావడం ఆలస్యమయింది. కుర్చీ వెనక్కి వాలి ఉంది, కిటికీలోంచి ఎండ పాదాల మీద పడుతోంది. తెల్లవారుజామునే లేచి వంట చేసి వచ్చిన మనిషి, ఆవిడకి కునుకు పట్టింది. ఎంతసేపో తెలియదు. మెలకువ వచ్చేసరికి కోడలు ఆవిడ ముఖం మీదకి వంగి చూస్తోంది. దాని ముఖంలో రక్తం లేదు.

"ఏమయిందే?"

"ఏం లేదు, మళ్ళీ ఒకసారి మూయండి" అంది కోడలు. మూసింది. టక్. పళ్ళు చక్కగా కలిశాయి.

"ఇలా కాదు. నిద్రలో మూసినట్టు మూయండి."

"నిద్రలో ఎలా మూస్తానో నాకేం తెలుసు?"

కోడలు స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది. "మీరు నిద్రపోయినప్పుడు మీ దవడ వెనక్కి వెళ్ళింది అత్తయ్యా. కింది పళ్ళు పై పళ్ళకి శనగగింజంత వెనక ఆనుతున్నాయి. అసలు కలవడం లేదు. మీరు కొలత ఇచ్చిన రోజు దవడ ముందుకు పెట్టి ఇచ్చారు. బయటివాళ్ళ ముందు పెట్టుకుంటారే, ఆ నోరు. నేను పది రోజుల నుంచి ఆ నోటికి పళ్ళు పేరుస్తున్నాను."

ఆవిడ లేచి కూర్చుంది. "అయితే ఏమయింది? పరీక్ష నాడు కూడా ఇలాగే పెడతాను. పదేళ్ళ నుంచి పెడుతున్నాను, ఒక పూట పెట్టలేనా? ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు."

"మేష్టారికి?"

"ఆయనకీ తెలియదు. పుస్తకంలో బొమ్మలా ఉందన్నాడుగా."

"మరింకేం? మార్చాలంటే రోజులున్నాయా?"

"కింది పద్నాలుగు పళ్ళూ తీసి మళ్ళీ పేర్చాలి. రేపంతా దానికి పోతుంది. ఎల్లుండి అచ్చు. అది దానంతటది చల్లారాలి, తొందరపడి తీస్తే వంకర పోతుంది. గురువారం అరగదీసి మెరుగు పెట్టాలి. ఎక్కడ ఒక్క పూట తప్పినా శుక్రవారం చేతిలో ఏమీ ఉండదు."

"అందుకే చెప్తున్నా. నోరు మూసుకో. నేనూ ఇలాగే మూసుకుంటాను."

కోడలికి నవ్వు రాలేదు. "ఈ పళ్ళతో మీరు ఇంట్లో ఏం తినలేరు అత్తయ్యా. నమిలేటప్పుడు దవడ దాని చోటికి అది వెళ్ళిపోతుంది. చిగుళ్ళు ఒరుసుకుపోతాయి. నెల తిరక్కుండా తీసి డబ్బాలో పడేస్తారు."

"పళ్ళ కోసం కాదని ముందే చెప్పానా లేదా? నీ పరీక్ష కోసం కూర్చున్నాను నేను."

"నేను మీ పళ్ళ కోసం చేస్తున్నాను!"

పక్క బల్లల దగ్గర చాకులు ఆగాయి. కోడలు రెండేళ్ళలో అనని మాట అది. ఆవిడ ఒళ్ళో చేతులు చూసుకుంది. కోడలు కళ్ళు తుడుచుకోలేదు, చేతుల నిండా మైనం. మోచేత్తో జుట్టు వెనక్కి నెట్టుకుని నెమ్మదిగా అంది:

"మీ దగ్గరికి కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు పొట్ట బిగబడతారు కదా. మీరేం చేస్తారు?"

ఆవిడ ఏం చేస్తుందో ఇద్దరికీ తెలుసు. టేపు తీసి మెడలో వేసుకుని, "ఊపిరి వదిలితే కొలుస్తాను, లేకపోతే వెళ్ళి రండి. మీరు గాలి పీల్చుకుని బతకాల్సిన లాగు ఇది" అంటుంది. పొట్ట బిగబట్టిన కొలతకి కుట్టి ఇచ్చి మాటపడ్డ రోజు ఆవిడకి ఇంకా గుర్తుంది. కొలత తప్పాక కుట్టు ఎంత బాగుంటే ఏం లాభం?

"సరే, మళ్ళీ తీసుకో కొలత" అంది.

సరే అనడం తేలిక. డాక్టరమ్మ వచ్చింది, విన్నది, సంతకం పెట్టబోయిన కాయితం పక్కన పెట్టింది. కొత్త మైనం కట్టలు తయారయ్యాయి. "వదులుగా ఉండండి పెద్దమ్మా" అంది. ఆ మాట వినగానే ఆవిడ ఒళ్ళంతా బిగిసింది. "నాలిక కొసని అంగిట్లో వెనక్కి పెట్టి గుటక వెయ్యండి" అన్నాడు మేష్టారు. వేసింది. దవడ మళ్ళీ ముందుకే వచ్చింది. రెండోసారి, మూడోసారి, ఐదోసారి. పదిహేను మంది ఊపిరి బిగపట్టి ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. ఆవిడ దవడ తన మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది.

"మమ్మల్ని కాసేపు వదిలెయ్యండి మేడం" అంది కోడలు.

డాక్టరమ్మ కుర్చీ చుట్టూ పచ్చటి తెర లాగి, తనూ బయట నిలబడింది. కోడలు మైనం కట్టలు తీసి గోరువెచ్చటి నీళ్ళలో వేసింది. ఆవిడ చెయ్యి వెంటనే మూతికి వెళ్ళింది. కోడలు ఆ చేతిని పట్టుకోలేదు, దించలేదు. నీళ్ళ గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టి, "ఇది రెండు చేతులతో పట్టుకోండి, ఒలుకుతుంది" అంది. పట్టుకోక తప్పలేదు.

"ఎప్పటి నుంచి ఇలా పెట్టుకుంటున్నారు అత్తయ్యా?"

"పళ్ళు పీకిన రోజు నుంచి."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

ఆవిడ గిన్నెలో నీళ్ళ వంక చూసింది. పదేళ్ళుగా కొడుక్కి కూడా చెప్పని మాట.

"మీ మామయ్యే. ఆఖరి నాలుగూ పీకించుకుని ఇంటికొచ్చాను. ఆయన తలుపు తీశాడు. నన్ను చూసి అడుగు వెనక్కి వేసి, 'అమ్మో! మా అమ్మ లేచొచ్చిందేమిటి!' అన్నాడు."

కోడలు పెదాలు కొరుక్కుంటోంది. మామగారిని అది ఐదారేళ్ళు ఎరుగును. ఆ గొంతు, ఆ అడుగు వెనక్కి వెయ్యడం, ఆ కళ్ళు పెద్దవి చెయ్యడం అన్నీ దానికి కనబడ్డాయి కాబోలు. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. ఫక్కుమంది.

"సిగ్గు లేదూ? నవ్వుతావేం?" అంది ఆవిడ.

"మీ అత్తగారు... ఫోటోలో ఉన్నావిడేనా? ఆ మీసాలావిడ?"

"ఆవిడే! ఆ మీసాలావిడలా ఉన్నానన్నాడు నన్ను. నలభై రోజులు ఆయనకి మొహం చూపించలేదు నేను. అన్నం పెట్టి అటు తిరిగేదాన్ని. 'ఏమే, వేళాకోళానికన్నాను, ఇటు తిరుగు' అని బతిమాలుకునేవాడు. తిరగలేదు. ఇంకో నాలుగు రోజులు ఏడిపించి తిరుగుదాంలే అనుకున్నాను. నలభై ఒకటో రోజు బస్టాండులో పడిపోయాడు. ఇంక ఎవరి వైపు తిరగను?"

కోడలి నవ్వు ఆగిపోయింది. గిన్నెతో సహా ఆవిడ చేతుల్ని పట్టుకుంది. తెర కింద డాక్టరమ్మ చెప్పులు కదలకుండా కనబడుతున్నాయి.

"అయినా మామయ్య అన్నది అబద్ధం అత్తయ్యా" అంది కోడలు చివరికి.

"ఏది?"

"మీకు మీసాలు లేవు."

ఆవిడ ఒక్క క్షణం దాని వంక గుర్రుగా చూసింది. ఆ తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో, పొట్టలోంచి వచ్చింది నవ్వు. తల తిప్పుకోవడానికి కుర్చీ తలగడ అడ్డం. చెయ్యి ఎత్తడానికి గిన్నె అడ్డం. బోసినోరు బార్లా తెరుచుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే నవ్వింది. గిన్నెలో నీళ్ళు సగం ఒళ్ళోకి వచ్చాయి. తెర అవతల పిల్లలు కూడా ఏం జరిగిందో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి ఆయాసపడి వెనక్కి వాలింది. దవడ బరువుగా, అలిసిపోయి కిందికి వేలాడింది.

"మేడం!" అని పిలిచి, కోడలు మెత్తబడిన మైనం కట్టలు మళ్ళీ పెట్టింది. వేలు గడ్డం కింద ఆనించింది, నెట్టలేదు. "ఏమీ చెయ్యకండి. గుటక మాత్రం వెయ్యండి."

ఆవిడ గుటక వేసింది. మైనం మైనాన్ని తాకింది. డాక్టరమ్మ చూసింది. ఇంకోసారి చేయించి చూసింది. అదే చోటు. మూడోసారీ అదే చోటు. "ఇదమ్మా మీ నోరు" అంది.

ఆ మూడు రోజులూ కోడలు ఇంట్లో అన్నం నిలబడే తింది. మంగళవారం పద్నాలుగు పళ్ళూ మళ్ళీ పేర్చింది. బుధవారం మైనం స్థానంలో గులాబీరంగు ముద్ద కూరి, ఇత్తడి డబ్బాలో బిగించి వేడినీళ్ళలో ఉడికించింది. గురువారం దాన్ని తీసి ప్లాస్టరు పగలగొట్టి, అరగదీసి, మెరుగు పెట్టింది. ఆ సాయంత్రం వచ్చి మాట్లాడకుండా చేతులు చాపింది. వేళ్ళ కొసలు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆవిడ నూనె రాసింది.

"రేపు ఆ పరీక్షాధికారి ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి?" అంది.

"ఎలా ఉంటే అలా చెప్పండి."

ఆవిడ "ఊఁ" అంది కానీ, మనసులో వేరే నిశ్చయం చేసుకుంది. కత్తులు గుచ్చినా సరే, బ్రహ్మాండంగా ఉందని చెప్పాలి.

పరీక్షాధికారి బయటి కాలేజీ నుంచి వచ్చింది. సన్నగా, కళ్ళద్దాల మీదుగా చూసే మనిషి. వీళ్ళకి ముందు ఒక ముసలాయన వంతు వచ్చింది. ఎలా ఉందని అడిగితే ఆయన "భేషుగ్గా ఉంది" అన్నాడు. పరీక్షావిడ ఏం రాసుకుందో తెలియదు, ఆయనకి పళ్ళు చేసిన కుర్రదాని ముఖం మాత్రం వాడింది.

తర్వాత వీళ్ళ వంతు. కోడలు పళ్ళు పెట్టింది. పైవి అంగిట్లో అతుక్కుని కూర్చున్నాయి. కిందివి పెట్టి "గుటక వేసి మూయండి" అంది. కలిశాయి, నెమ్మదిగా, తలుపు దాని చట్రంలోకి వెళ్ళినట్టు. పరీక్షావిడ అద్దం పెట్టి రెండు పక్కలా చూసింది. సన్న కాయితం ముక్క కొరికించి లాగింది. గోడకున్న కాగితం చూపించి "చదవండి, మాట ఎలా వస్తుందో వింటాను" అంది.

"నాకు చదువు రాదమ్మా."

"అయితే ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడను? సూది, సబ్బు, సంచి, చొక్కా..." 'స' దగ్గర ఈల వేసినట్టు వచ్చింది. పిల్లలు కిసుక్కుమన్నారు. "రెండు రోజులు వాడితే పోతుంది. సరే, ఎలా ఉంది? నొప్పి ఏమైనా ఉందా?" అంది పరీక్షావిడ.

కింద, ఎడమ పక్క లోపల, చిగురు మీద ముల్లులా ఏదో గుచ్చుతోంది. పెట్టిన క్షణం నుంచీ గుచ్చుతోంది.

"బాగుందమ్మా. బ్రహ్మాండంగా ఉంది" అంది ఆవిడ.

పరీక్షావిడ తల వంచి రాసుకోబోయింది. ఆవిడ కోడలి వంక చూసింది. కోడలు పరీక్షావిడ పెన్ను చూడటం లేదు. ఆవిడ దవడనే చూస్తోంది, సోమవారం నాడు చూసినట్టే. మళ్ళీ పొట్ట బిగబట్టి కొలతిస్తున్నానని ఆవిడకి తోచింది.

"ఆగండమ్మా. అబద్ధం చెప్పాను. కింద ఎడమ పక్క గుచ్చుతోంది. గట్టిగానే గుచ్చుతోంది."

ప్లాస్టరు మేష్టారు కళ్ళు మూసుకున్నాడు. పరీక్షావిడ పెన్ను బల్ల మీద పెట్టి కోడలి వైపు తిరిగింది. "విన్నావుగా. ఏం చేస్తావు?"

కోడలి చేతులు ఒక్క క్షణం గాల్లో ఆగాయి. తర్వాత వాటికి పని గుర్తొచ్చింది. కింది వరస తీసి లోపలి వైపు తెల్లటి లేపనం పల్చగా రాసి, మళ్ళీ పెట్టి, కొరికించి, తీసింది. ఎడమ పక్క లేపనం చెదిరిన చోట ఆవగింజంత గులాబీ చుక్క తేలింది. దాన్ని చిన్న మర మీద రెండుసార్లు తాకించి, వేలితో తడిమి, మెరుగు పెట్టి, కడిగి పెట్టింది.

"ఇప్పుడు? నిజం చెప్పండి అత్తయ్యా."

ఆవిడ నాలికతో తడిమింది. "పోయింది. కాదు, కాస్త ఉంది. ఇంకాస్త."

ఇంకాస్త తీసింది.

"ఇప్పుడు లేదు."

పరీక్షావిడ మళ్ళీ పెన్ను తీసింది. "కొత్త పళ్ళు గుచ్చకుండా ఉండవు. గుచ్చిన చోటు కనుక్కోవడానికే మార్కులు. పొద్దుటి నుంచి నలుగురు వచ్చి భేషు, బ్రహ్మాండం అన్నారు. ఆ నలుగురి నోట్లోనూ నేనే వెతుక్కోవాల్సి వచ్చింది." కాయితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి, కోడలి చేతికిచ్చింది. కోడలు దాన్ని చదివి మేష్టారికి చూపించింది. ఆయన అరిచిన అరుపుకి ఎక్స్‌రే గదిలో వాళ్ళు కూడా బయటికి వచ్చారు.

బస్టాపులో జనం బాగానే ఉన్నారు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కోడలు ఆ కాయితాన్ని నాలుగుసార్లు తీసి చూసుకుని, నాలుగుసార్లు మడిచి పెట్టుకుంది. ఒకటో తారీకు ఇంకా ఆరు రోజులుంది.

"నొప్పుందా?" అంది ఉన్నట్టుండి.

"కొంచెం. ఇప్పుడు కుడి పక్క."

"ఎక్కడ? చూపించండి."

"ఇక్కడా?"

"వెలుతురు ఇక్కడే బాగుంది."

ఆవిడ చుట్టూ చూసింది. సంచులు పట్టుకున్నవాళ్ళు, ఫోన్లు చూసుకునేవాళ్ళు, బస్సు నంబరు కోసం మెడలు చాపినవాళ్ళు. తర్వాత తల పైకెత్తి, ఎండ వైపు తిరిగి, నోరు తెరిచింది. కోడలు వేలు పెట్టి చిగురు తడుముతోంటే, ఎదురుగా నిలబడ్డ ఒకామె నోరెళ్ళబెట్టి చూసింది.

"ఏంటమ్మా అలా చూస్తావు?" అంది ఆవిడ, నోట్లో వేలు ఉండగానే. "మా కోడలు. దీని పని ఇదే."

ఇట్లు,
కాజాల పెద్దమ్మ,
వయసు అరవై ఎనిమిది,
కొడుకూ కోడలితో పాటు, బస్సు డిపో వెనక వీధిలో, రెండో అంతస్తు, ఎడమ పక్క ఇల్లు.